నవసారి కాపురం

మేము సూరత్ వదిలి నవసారికి కాపురం మార్చడానికి కారణం మా ఆయన ఊపిరితిత్తులు. అంతకు మించి వేరే ఆలోచన ఏదీ మాకు లేదు. ఆయన మీసాలు సరిగ్గా రాని వయసులో సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద నిలబడ్డాడు. పవర్‌లూమ్‌లను మావాళ్ళు సాంచాలనే అంటారు. మొదట నేత పని, తర్వాత సాంచాలు బాగుచేసే మిస్త్రీ పని. ముందు చెవులు మందగించాయి. దాన్ని మేమెవరమూ పట్టించుకోలేదు, సూరత్‌లో మేముండే గోడాదరాలో మా గల్లీ మగవాళ్ళందరివీ ఆ వయసుకు అలాంటి చెవులే. ఆ తర్వాత దగ్గు మొదలైంది. దాన్ని పట్టించుకోక తప్పలేదు.

నేను సూరత్‌లోనే పుట్టాను. తెలుగు మీడియం మునిసిపల్ బడిలో చదివి, అలాంటి బడిలోనే టీచరునయ్యాను. మా బడి ఉధనా స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు, అందుకని ఇప్పుడు రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకరికి లెక్కలు, ఒకరికి పద్యాలు చెబుతుంటాను. సాయంత్రానికి గొంతు పోతుంది. ఇంటికి వస్తే అక్కడా గట్టిగానే మాట్లాడాలి, లేకపోతే ఆయనకు వినపడదు.

దగ్గు తగ్గడం లేదని ఆయన్ను రింగ్ రోడ్డు దగ్గర ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. తెలుగు వినగానే డాక్టరు ముఖం వెలిగింది. ఎక్స్‌రే చూశాక ఆ వెలుగు తగ్గింది.

"అమ్మా, మందులు నేనిస్తాను. గాలి మాత్రం ఇవ్వలేను. దుమ్ము లేని చోటికి మారగలిగితే మారండి. సాంచాల దగ్గరికి ఇక అసలు వెళ్ళొద్దు."

"ఏమంటుండు?" అన్నాడు మా ఆయన.

నేను చెవి దగ్గర అరిచి చెప్పాను. బయట కూర్చున్న రోగులందరికీ కూడా వినపడి ఉంటుంది.

"ఊరంత దుమ్మే ఉంటె ఏడికి పోవాలె?" అని ఆయన డాక్టరునే అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు మా అమ్మాయి చెప్పింది. పెళ్ళయి సూరత్‌లోనే అడాజణ్ వైపు ఉంటుంది, కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. దాని మాటలో తెలుగు, హిందీ, గుజరాతీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. "నవసారి బెస్ట్ అమ్మా. లోకల్ ట్రైన్‌ల ఆధా గంట. నీ స్కూల్ ఉధనా స్టేషన్ పక్కనే హై కదా. పప్పాకు శాంతిగ ఉంటది, నువ్వు ఖాలీ టెన్షన్ తీసుకోకు."

అలా వెళ్ళాం. నవసారిలో బజారు మధ్య ఉన్న టవర్ దాటి, పూర్ణా నది వైపు దిగే ఒక పాత వీధిలో ఇల్లు దొరికింది. కింద మేము, పైన ఇంటావిడ. ఆవిడ డెబ్బై దాటిన గుజరాతీ ముసలావిడ, భర్త పోయాడు, పిల్లలు వేరే ఊళ్ళలో. నన్ను మొదటి రోజు నుంచే టీచర్‌బెన్ అని పిలిచింది. రెండో రోజు పొద్దున మెట్లు దిగి వచ్చి, చాలా మెల్లగా, గుజరాతీలో అడిగింది: "టీచర్‌బెన్, మీ ఇద్దరికీ ఏమైనా గొడవా?"

"లేదు మాసీ, ఎందుకు?"

"పొద్దుటి నుంచి కేకలు వినపడుతున్నాయి."

మేము మాట్లాడుకున్నది ఉప్మాలో ఉప్పు గురించి. గోడాదరాలో ఆ గొంతు ఎవరికీ కేకలా వినపడదు. అక్కడ గోడ అవతల సాంచాలు ఆడుతుంటాయి, పైఅంతస్తులో ఇంకెవరో అరుస్తుంటారు. ఇక్కడ వీధి చివర సైకిల్ స్టాండు వేసిన చప్పుడు కూడా మా వంటింట్లోకి వస్తుంది. ఆ రోజు నుంచి నేను గొంతు తగ్గించుకోవడం మొదలుపెట్టాను. నేను తగ్గించిన కొద్దీ ఆయన "ఆఁ?" అనడం పెరిగింది. చెవి మిషన్ అంతకు ముందే కొన్నాం. అది పెట్టుకుంటే చెంచా చప్పుడూ కుక్క అరుపూ నా మాటా అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయని తీసి సొరుగులో పెట్టాడు.

నిజం చెప్పాలంటే, ఊరు నాకు నచ్చింది. నాకు నచ్చాలని మేము అక్కడికి వెళ్ళలేదు, అయినా నచ్చింది.

సూరత్‌లో పుట్టి పెరిగి, యాభై దగ్గర పడినా, ఆ ఊరి నడిబొడ్డును నేను ఎన్నడూ నడిచి చూసినదాన్ని కాను. చౌక్, భాగల్ వైపు వెళ్ళేది పెళ్ళి బట్టలకో బంగారానికో. చేతిసంచీ గుండెకు అదుముకుని, మోటారు సైకిళ్ళ మధ్య నుంచి ఒక దుకాణంలోకి దూరడం, అందులోంచి మరో దుకాణంలోకి దూరడం, ఆటో కోసం కొట్లాడి ఇల్లు చేరడం. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దగ్గర సరుకు మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు "బాజూ, బాజూ" అని పక్కకు తప్పుకోమంటూ తోసుకుంటూ పోతారు. అక్కడ ఊరికే నిలబడ్డ మనిషి అడ్డమే. ఇప్పుడు మెట్రో తవ్వకాలు వచ్చాక ఎక్కడ చూసినా రేకులే. నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, సూరత్ రోడ్లు పొద్దున లేచేసరికి ఊడ్చి ఉంటాయి. వంతెనలు, బస్సులకు వేరే దారి, పెద్దాసుపత్రులు, ఏం కావాలన్నా దొరికే మార్కెట్లు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నాలాంటిది సాయంత్రం పూట ఏ పనీ లేకుండా నడవడానికి చోటు. లేదంటే ఉందేమో, గోడాదరా నుంచి అది రెండు బస్సుల దూరం.

నవసారిలో స్టేషన్ నుంచి మా ఇంటికి బజారు మీదుగానే దారి. లోకల్ దిగి, కూరలు కొనుక్కుంటూ, పాత పార్సీ ఇళ్ళ అరుగులు చూసుకుంటూ వచ్చేదాన్ని. ఆ ఇళ్ళలో కొన్నింటికి తాళాలు, కొన్నింట్లో ఒక్క ముసలివాళ్ళే. కూరలమ్మే ఆమె రెండో వారానికల్లా నన్ను గుర్తుపట్టి, పాపడీ చిక్కుళ్ళు పక్కన తీసిపెట్టడం మొదలుపెట్టింది. ఆదివారాలు లున్సీకుయీ మైదానం చుట్టూ నడిచేదాన్ని. ఆడవాళ్ళు గుంపులుగా నడుస్తుంటారు, ఎవరూ ఎవరినీ తోసుకోరు. అలసిపోతే దూధియా తలావ్ అనే చెరువు గట్టున కూర్చునేదాన్ని. ఒక్కదాన్నే కూర్చుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని మొదట్లో ఫోన్ చూస్తున్నట్టు నటించాను. కొన్నాళ్ళకు ఆ నటన కూడా మానేశాను.

అక్కడ బాధలూ ఉన్నాయి. మధ్యాహ్నం అయితే దుకాణాలన్నీ మూతపడతాయి, మందుల షాపు కూడా కునుకు తీస్తుంది. కాలువల వాసన ఉంటుంది. ఛాతీ డాక్టరు కావాలంటే మళ్ళీ సూరత్ రావాల్సిందే. తెలుగు మాట వినపడదు. ఇక నా ప్రయాణం. పొద్దున లోకల్‌లో ఆడవాళ్ళ డబ్బా నవసారిలోనే నిండుతుంది. మరోలీలో ఇంకా ఎక్కుతారు, సచిన్‌లో కాలు కదపలేం. భేస్తాన్ దగ్గర కిటికీలోంచి మిల్లుల వాసన వచ్చిందంటే ఉధనా వచ్చిందని కళ్ళు మూసుకునే చెప్పొచ్చు. సాయంత్రం మళ్ళీ అదే. ఇంటికి వచ్చి ఆయనకు టీ పెట్టి, కుర్చీలో వాలితే లేవబుద్ధి కాదు. మంచి గాలి ఆయన పీల్చుకుంటున్నాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

కానీ దగ్గు తగ్గలేదు. మొదటి రెండు నెలలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. డాక్టరు మందులు మార్చాడు, పీల్చే మందు పెంచాడు. "దుమ్ములోకి వెళ్ళడం లేదుగా?" అని అడిగాడు. "ఏడికి పోతడు సార్, ఇంట్లనే ఉంటడు," అన్నాను నేను. మా ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు. వినపడలేదనుకున్నాను.

తర్వాతి వానాకాలంలో ఒక రోజు పొద్దుటి నుంచి ఎడతెరిపి లేకుండా పడింది. సూరత్‌లో మా బడి వెనక ఖాడీ, అంటే ఊరి మురుగూ వాననీరూ పోయే పెద్ద కాలువ, పొంగుతోందని మధ్యాహ్నమే పిల్లలను పంపించేశాం. టీచర్ల గదిలో ఎవరో ఫోన్ చూపించారు. పైన డాంగ్ అడవుల్లో కుండపోత, నవసారిలో పూర్ణా నది గట్టు దాటింది, నది వైపు వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. ఆ వీడియోలో కనపడింది మా పక్క వీధి.

ఆయనకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చెవులు వినపడని మనిషికి ఫోన్ మోగితే ఏం లాభం? నీళ్ళు లోపలికి వస్తున్న చప్పుడు కూడా ఆయనకు వినపడదు. మంచం మీద పడుకుని ఉంటాడు, కాళ్ళు తడిస్తే గాని లేవడు. అలాంటి ఊపిరితో నడుములోతు నీళ్ళలో ఎటు పోగలడు? ఇంటావిడకు చేస్తే ఆమె ఫోన్ కలవనే లేదు.

లోకల్ బండి నత్తలా కదిలి మరోలీ దాకా వచ్చి ఆగిపోయింది. పట్టాల మీద నీళ్ళున్నాయి, ముందుకు పోదన్నారు. స్టేషన్ బయట ఒక వ్యాన్‌వాడు నవసారి అంచు దాకా దింపుతానంటే పదిమందిమి ఎక్కాం. నా పక్కన కూర్చున్న ఒక నర్సమ్మ దారి పొడుగునా కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటూనే ఉంది. నేను మాత్రం ఫోన్ నొక్కుతూనే ఉన్నాను.

వ్యాన్ దిగాక నడక. టవర్ దగ్గర తడి తప్ప ఏమీ లేదు, దుకాణాలు సగం తెరిచే ఉన్నాయి. మా వీధిలోకి మలుపు తిరిగాక నీళ్ళు చీలమండల దాకా, తర్వాత మోకాళ్ళ దాకా వచ్చాయి. చెప్పులు చేత్తో పట్టుకున్నాను. ఒక చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు. చీర కుచ్చిళ్ళు బరువెక్కి నన్ను వెనక్కి లాగుతున్నాయి.

మా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గచ్చు మీద మురికి నీళ్ళు ఆడుతున్నాయి. మంచం మీద పరుపు లేదు. బియ్యం డబ్బా లేదు. ఆయన లేడు.

ఎంత గట్టిగా పిలిచానో నాకే తెలియదు. ఆ వీధిలో నేను గొంతు పూర్తిగా విప్పింది ఆ ఒక్కసారే.

పై నుంచి ఇంటావిడ తొంగి చూసింది. "టీచర్‌బెన్! మీ సామాను పైకి తెచ్చేశాం. పక్కింటి వాళ్ళు సాయం పట్టారు. ముందు పైకి రండి."

"ఆయన ఏడీ మాసీ?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "భాయ్ పొద్దున బండికి వెళ్ళారుగా, రోజూలాగే."

"రోజూలాగే ఏమిటి?"

"మీరు వెళ్ళాక ఇంకో బండికి ఆయన వెళ్తారు కదా? సాయంత్రం మీకంటే ముందు వచ్చేస్తారు. తాళం నాకే ఇచ్చి వెళ్తారు." ఆమె రెండు మెట్లు దిగింది. "మీకు తెలుసనుకున్నాను."

నేను మెట్లు ఎక్కి పైకి వెళ్ళాను. ఆమె తువ్వాలు తెచ్చి నా భుజాల మీద వేసింది. పొడి చీర ఇచ్చింది. ఖిచిడీ వేడివేడిగా కంచంలో పెట్టింది. నేను తింటుంటే ఫోన్ మోగింది. మా ఆయన పాత దోస్తు నంబరు అది. ఇద్దరూ ఒకే కార్ఖానాలో పక్క పక్క సాంచాల మీద పని చేసినవాళ్ళు. ఎత్తితే మాట్లాడింది మా ఆయన.

"హలో! నా ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. ఏడున్నవ్?" అని అరిచాడు.

"నువ్వేడున్నవ్?" అని నేనూ గట్టిగానే అడిగాను.

"ఈడనే."

"ఈడనే అంటె ఏడ?"

ఆయన వెనక నలుగురైదుగురి గొంతులు, గ్లాసుల చప్పుడు, వాటి వెనక సాంచాల దడదడ. తర్వాత ఆయన కొంచెం గొంతు తగ్గించి, అంటే మామూలు మనిషి అరిచినంత గొంతుతో, "గోడాదరల," అన్నాడు. "బండ్లు బందైనయట. నువ్వు బడిల ఉన్నవా? ఆటో పంపాల్నా?"

"నవసారిల ఉన్న."

"గీ వానల నవసారికెందుకు పోయినవే?"

"నిన్ను సూడనీకి."

ఫోన్ దోస్తు తీసుకుని, "వదినా, ఫికర్ జెయ్యకు, మా ఇంట్లనే పండుకుంటడు," అన్నాడు. నాకు కోపం రావాలి. వచ్చే ఓపిక లేకపోయింది. ఇంటావిడకు జరిగింది చెబితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆమె నా కంచంలో ఇంకొంచెం ఖిచిడీ వేసింది.

మర్నాడు నీళ్ళు తీశాయి. మేము బురద తోస్తుంటే మధ్యాహ్నం బండికి ఆయన వచ్చాడు. ఏమీ అడగకుండా పొరక తీసుకున్నాడు. రెండుసార్లు తోసి, గోడకు ఆనుకుని రొప్పసాగాడు. నేను పొరక లాక్కుని ఆయన్ను మెట్టు మీద కూర్చోబెట్టాను.

"ఎన్ని రోజుల సంది పోతున్నవ్?" చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"వచ్చిన మూడో నెల సంది."

"డాక్టర్ ఏం జెప్పిండు? సాంచాల దిక్కు పోవద్దని చెప్పలే?"

"లోపటికి పోత లేను. బైట చాయ్ హోటల్ల కూసుంట."

"ఆ హోటల్ కార్ఖానా గోడకే ఉంది. దుమ్ము గోడ దాటి రాదా?"

ఆయన బురద కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఈడ గాలి మంచిగున్నది. నేను కాదంటలేను. కని ఎవలతోని మాట్లాడాలె చెప్పు? ఆ చెర్వు గట్టు మీద ముసలోళ్ళు కూసుంటరు. మంచోళ్ళే. జర జరుగుతరు, కూసోమంటరు. గుజరాతీల మెల్లమెల్లగ మాట్లాడుకుంటరు. నాకు పెదాలు కదులుడు తప్ప ఇంకేం ఇనబడదు. నేను ఊకె తల ఊపుత. మావోళ్ళు అట్ల కాదు, వాళ్ళకు సుత చెవుల్లేవు. ఒర్రుతరు. ఒర్రితె నాకు ఇనబడ్తది." కాలి బురద గీక్కుంటూ మళ్ళీ అన్నాడు. "గీ ఊర్ల నేను మొత్తం చెవిటోన్ని. ఆడ సగమే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తన చెవుల గురించి అంత మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. బకెట్‌తో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళు కడిగాను.

ఆయన్ను మళ్ళీ ఆ దుమ్ములోకి పంపకుండా ఉండాలని అమ్మాయీ నేనూ ఒక ఉపాయం చేశాం. దోస్తులనే నవసారికి రమ్మన్నాం. ఆదివారం లోకల్‌లో ముగ్గురు వచ్చారు. నేను సకినాలు చేసిపెట్టాను. దూధియా తలావ్ గట్టు మీద నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటుంటే నడిచేవాళ్ళు ఆగి, కొట్లాటేమోనని చూసి, కాదని తెలుసుకుని వెళ్ళిపోయారు. ఆయన ఆ రోజు దగ్గడం తక్కువ, నవ్వడం ఎక్కువ. మా ఇంటావిడ కూడా వాళ్ళకు టీ పంపింది. మరుసటి ఆదివారం ఇద్దరు వచ్చారు. తర్వాత ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి మనవరాలి పుట్టు వెంట్రుకలు, ఒకరికి ఆదివారం కూడా పని. దీపావళి వచ్చేసరికి ఎవరూ రావడం లేదు. వాళ్ళను తప్పు పట్టలేను. వారానికి ఒక్క సెలవు దొరికే మనిషి ఆ రోజు రైలెక్కాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆయన మళ్ళీ బండెక్కాడు, ఈసారి నాకు చెప్పే, నాతో కలిసే. నేను ముక్కుకు మాస్కు కట్టి, జేబులో పీల్చే మందు పెట్టేదాన్ని. ఇద్దరం ఉధనాలో దిగి, నేను బడికీ ఆయన షేర్ ఆటోలో గోడాదరాకూ. అలా చలికాలం దాకా నడిచింది.

ఒక పొద్దున ఉధనా స్టేషన్ వంతెన మెట్లు ఎక్కుతూ ఆయన మధ్యలో ఆగి కూర్చుండిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. జనం మా దగ్గర చీలి రెండు పాయలుగా పైకి పోతున్నారు. ఎవరో ఒకాయన సంచీ కింద పెట్టి ఆయన్ను ఎత్తుకున్నాడు, ఇంకొకరు ఆటో పిలిచారు. వాళ్ళ ముఖాలు కూడా నాకు ఇప్పుడు గుర్తు లేవు.

ఆసుపత్రిలో వారం ఉన్నాం. ఆక్సిజన్ తీసేశాక గోడాదరా నుంచి జనం రావడం మొదలైంది. దోస్తులు, వాళ్ళ భార్యలు, గల్లీవాళ్ళు, నా పాత విద్యార్థుల తల్లులు. అందరూ గట్టిగా మాట్లాడేవాళ్ళే. నర్సు వచ్చి, "ఇది వార్డా, బజారా?" అని హిందీలో కసిరింది. మా ఆయన దిండుకు ఆనుకుని ఒక్కొక్కరి ముఖం వైపు చూస్తూ, ప్రతి మాటకూ జవాబు చెబుతున్నాడు. నవసారిలో నేను నెలల తరబడి చూడని ముఖం అది.

ఇంటికి పంపే రోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ రోజువారీ ప్రయాణం ఇక కుదరదమ్మా. ఏదో ఒక ఊరు తేల్చుకోండి."

"ఏ ఊరంటారు?"

"డాక్టరుగా అడిగితే నవసారి." ఆయన చేతిలోని పెన్నుకు మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. "సూరత్‌లో ఉంటే తొందరగా దిగజారుతుంది. ఎంత తొందరగా అంటే నేను చెప్పలేను."

ఆ మాట నేను మా ఆయన దగ్గర దాచలేదు. ఇంట్లో కూర్చోబెట్టి, ఒక్కో ముక్కా అరిచి చెప్పాను. ఆయన అంతా విని, "నీకు ఏ ఊరు మంచిగున్నది?" అని అడిగాడు. ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు.

"నవసారి," అన్నాను.

"అట్లయితె ఈడనే ఉందాం తియ్. నేను పోను ఇగ."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. పొద్దున నన్ను గుమ్మం దాకా సాగనంపేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి అదే గుమ్మంలో కూర్చుని ఉండేవాడు. టీవీ పెట్టుకునేవాడు కాదు. చెరువు దాకా వెళ్ళేవాడు కాదు. దగ్గు తగ్గింది, నిజమే. అన్నం కూడా తగ్గింది. మాట మొత్తానికే తగ్గిపోయింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునే మనిషిని చూస్తూ నేను మాత్రం బజారులో చల్లగా నడుస్తూ రావడం నాకు బరువైంది. కూరలామె పక్కన తీసిపెట్టిన చిక్కుళ్ళు తీసుకుని, ఆగకుండా ఇంటికి వచ్చేసేదాన్ని. వేసవి సెలవుల్లో నేనే అమ్మాయికి ఫోన్ చేసి గోడాదరాలో ఇల్లు చూడమన్నాను.

"అమ్మా, పాగల్ అయినవా? డాక్టర్ మనా చేసిండు కదా!"

"తెలుసు బిడ్డా. చూడు."

సామాను టెంపోకు ఎక్కిస్తుంటే ఇంటావిడ అరుగు మీద నిలబడి చూసింది. "మీకు ఇక్కడ నచ్చింది కదా టీచర్‌బెన్?"

"నచ్చింది మాసీ."

"మరి?"

"ఇద్దరికీ ఒకే ఊరు కుదరలేదు."

ఆమె తల ఊపింది. తన భర్త నలభై ఏళ్ళు వాపీలో పని చేసి, ఆదివారాలు మాత్రమే ఈ ఇంట్లో ఉన్నాడని అప్పుడు చెప్పింది. మంచిదనో చెడ్డదనో అనలేదు. టెంపో కదిలేదాకా అక్కడే నిలబడింది.

ఇప్పుడు గోడాదరా చివర, సాంచాలకు కాస్త దూరంగా, లిఫ్ట్ ఉన్న బిల్డింగులో ఉంటున్నాం. కార్ఖానాల వైపు కిటికీలు తెరవం. ఆయన పొద్దున ఒక పూట చాయ్ హోటల్‌కు వెళ్తాడు. మాస్కు గడ్డం కింద ఉంటుంది. అరుస్తాడు, నవ్వుతాడు, దగ్గుతాడు. మూడు నెలలకోసారి డాక్టరు గొట్టంలోకి ఊదించి చూసి, అంకె రాసుకుంటాడు, ఊరు మారమని మాత్రం ఇక అనడు. నాకు లోకల్ ప్రయాణం తప్పింది. అలసట మాత్రం తప్పలేదు, దానికి వయసు కారణమో ఊరు కారణమో తేల్చుకునే ఓపిక కూడా లేదు.

మొన్న ఒక సాయంత్రం బడి అయ్యాక ఇంటికి రాకుండా బస్సెక్కి చౌక్‌కు వెళ్ళాను. ఏమీ కొనడానికి కాదు. రేకుల పక్క నుంచి దారి వెతుక్కుంటూ, పాత కోట దాటి, తాపీ నది కనపడే చోట కాసేపు నిలబడ్డాను. నిలబడే చోటు చిన్నది, వెనక హారన్లు. అయినా నది వెడల్పుగా ఉంది, గాలి వచ్చింది. ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. ఆయన గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏడికి పోయినవ్?"

"నడువనీకి."

"ఒక్కదానివేనా?"

"మరి నువ్వొస్తవా?"

"ఎంత దూరం?" అన్నాడు.

"నీకు ఎంత చాతనైతె అంత."

గల్లీలోనే నడిచాం. రెండు బిల్డింగులు దాటి, లేసులు అమ్మే షాపు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. షాపు మెట్టు మీద కూర్చున్నాం. షాపామె మంచినీళ్ళు ఇచ్చింది. చీరలకు రాళ్ళు అంటించే ఆడవాళ్ళు పని ముగించి ఇళ్ళకు పోతూ, "టీచరమ్మా, గీడ కూసున్నరేంది?" అని పలకరించారు. ఆయన ఊపిరి కూడదీసుకుని, నా బదులు తనే గట్టిగా జవాబు చెప్పాడు: "గిట్లనే! జర గాలికి!"

వాళ్ళు నవ్వుకుంటూ పోయారు. ఆయన దమ్ము తిరిగేదాకా కూర్చుని, మెల్లగా లేచి ఇంటికి వచ్చాం.